గిఫ్ట్ కార్డులో ఉన్న డబ్బు ఎవరిది?

పెళ్ళి చదివింపుల కవరులో పెట్టిన వెయ్యిన్నూటపదహార్లకు గడువు ఉండదు. కొత్త దంపతులు వాటిని మర్నాడే ఖర్చు పెట్టుకోవచ్చు, రెండేళ్ళ తర్వాత బిడ్డ బారసాలకు వాడుకోవచ్చు. ఏ ఊళ్ళో, ఏ కొట్లో ఇచ్చినా చెల్లుతాయి. ఇప్పుడు చాలామంది అదే కవరులో గిఫ్ట్ కార్డు పెడుతున్నారు. కవరు కూడా లేకుండా ఫోన్లోనే పంపేస్తున్నారు. డాలస్‌లో ఉన్న మేనమామ కొన్న కార్డు విజయవాడలో ఉన్న మేనకోడలికి నిమిషంలో అందుతుంది. ఇచ్చేవారికి ఇంతకంటే సులువైన బహుమతి లేదు. కానీ నోటు కార్డుగా మారిన క్షణంలోనే లెక్క తిరగబడుతుంది. డబ్బు మొత్తం ఆ రోజే దుకాణానికి చేరిపోతుంది. పుచ్చుకున్నవారి చేతిలో మిగిలేది ‘మా దగ్గరికి వస్తే ఈ విలువకు సరుకు ఇస్తాం’ అనే మాట మాత్రమే.

ఆ మాట ఎంతకాలం చెల్లుతుంది? కొంత వాడాక మిగిలిన సొమ్ము ఏమవుతుంది? దుకాణం మూతపడితే ఎవరిని అడగాలి? కార్డు నంబరు దొంగ చేతిలో పడితే నష్టం ఎవరు భరించాలి? గిఫ్ట్ కార్డుల మీద వివిధ దేశాల్లో వచ్చిన చట్టాలన్నీ ఈ నాలుగు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి. మన దేశంలోనూ వీటికి మంచి జవాబులే ఉన్నాయి. అయితే అవి ఒక రకం కార్డులకే వర్తిస్తాయి. మన ఊరి బట్టల దుకాణం, నగల షాపు సొంతంగా ఇచ్చే కార్డులు ఆ రక్షణకు వెలుపల ఉండిపోయాయి. ఈ లోటు ఎంత పెద్దదో, దాన్ని పూడ్చడం ఎంత సాధ్యమో చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేరు ఒకటే, రకాలు రెండు

మన దేశంలో ఈ నిబంధనలకు మూలం 2007లో వచ్చిన చెల్లింపులు, పరిష్కార వ్యవస్థల చట్టం. దాని ఆధారంగా, ముందే డబ్బు నింపి వాడుకునే కార్డులు, వాలెట్ల మీద రిజర్వ్ బ్యాంకు 2017 అక్టోబరులో సమగ్ర ఆదేశాలు ఇచ్చింది. 2021 ఆగస్టులో వాటిని సవరించి మళ్ళీ విడుదల చేసింది. బ్యాంకులు గానీ, రిజర్వ్ బ్యాంకు అనుమతి పొందిన సంస్థలు గానీ ఇచ్చే గిఫ్ట్ కార్డులు ఈ ఆదేశాల కిందికి వస్తాయి. ఒకే కార్డుతో వేర్వేరు కంపెనీల కొట్లలో కొనుక్కోగలిగితే అది సాధారణంగా ఈ రకమే.

ఈ కార్డులకు నియమాలు కచ్చితంగా ఉన్నాయి. ఒక్కో కార్డు విలువ రూ. 10,000 మించకూడదు. ఒకసారి నింపాక మళ్ళీ నింపడానికి వీల్లేదు. నగదుగా తీసుకోవడానికి, ఇతరులకు బదిలీ చేయడానికి కుదరదు. కార్డు ఉన్నవారు ఒప్పుకుంటే మాత్రం, ఏ ఖాతా నుంచి కొన్నారో ఆ ఖాతాకే డబ్బు వెనక్కి పంపవచ్చు. కార్డుకు కనీసం ఏడాది గడువు ఉండాలి. ఆ సంగతి ఇచ్చేటప్పుడే స్పష్టంగా చెప్పాలి. గడువు ముగిసే ముందు 45 రోజుల్లో, వినియోగదారు కోరుకున్న భాషలో, ఎస్సెమ్మెస్ ద్వారానో ఈమెయిల్ ద్వారానో గుర్తుచేయాలి.

గడువు దాటిన తర్వాత ఏం జరగాలన్నదే వీటిలో అన్నిటికంటే విలువైన నియమం. కార్డు ఉన్నవారు అడిగితే దాన్ని మళ్ళీ చెల్లుబాటు చేయాలి, లేదంటే కొత్త కార్డు ఇవ్వాలి. ఇచ్చింది బ్యాంకేతర సంస్థ అయితే, మిగిలిపోయిన సొమ్మును గడువు తీరాక కనీసం మూడేళ్ళ దాకా తన లాభంలో కలుపుకోకూడదు. గడువు తీరాక వచ్చి వాపసు అడిగితే బ్యాంకు ఖాతాకు చెల్లించాలి. ఇలా జనం దగ్గర వసూలు చేసిన సొమ్మును ఆ సంస్థ ఒక వాణిజ్య బ్యాంకులోని ఎస్క్రో ఖాతాలో విడిగా ఉంచాలి. ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, 2021 నవంబరులో మొదలైన సమీకృత అంబుడ్స్‌మన్ వ్యవస్థకు పైసా ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు.

ఇక రెండో రకం. ఒక దుకాణం గానీ, ఒక కంపెనీ గానీ తన దగ్గర మాత్రమే చెల్లేలా ఇచ్చే కార్డును రిజర్వ్ బ్యాంకు ‘క్లోజ్డ్’ తరహా అంటుంది. దాన్ని చెల్లింపు వ్యవస్థగా లెక్కించదు కాబట్టి దానికి అనుమతి అక్కర్లేదు. అనుమతి అక్కర్లేనప్పుడు పైన చెప్పిన నియమాలేవీ దాని దరిచేరవు. ఏడాది గడువు లేదు, 45 రోజుల హెచ్చరిక లేదు, మూడేళ్ళ కాపలా లేదు, ఎస్క్రో లేదు, అంబుడ్స్‌మన్ లేడు. చేతిలో ఉన్న రెండు కార్డులు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఏది ఏ రకమో తెలియాలంటే వెనకవైపు చిన్న అక్షరాల్లో ‘జారీ చేసినవారు’ అని ఎవరి పేరు ఉందో చూడాలి. అక్కడ బ్యాంకు పేరో, అనుమతి ఉన్న చెల్లింపు సంస్థ పేరో ఉంటే మొదటి రకం. దుకాణం పేరే ఉంటే రెండో రకం.

ఒక వోచర్ వెనకవైపు

దుకాణాలు సొంతంగా ఇచ్చే వోచర్ల వెనక మామూలుగా కనిపించే షరతులను ఒక్కొక్కటే చదువుదాం. ముఖవిలువ రూ. 5,000 అనుకుందాం.

మొదటి షరతు: ‘జారీ చేసిన తేదీ నుంచి 6 నెలల లోపు వాడుకోవాలి.’ అంటే సంక్రాంతికి ఇచ్చిన వోచర్ జులై నడిమికే చచ్చిపోతుంది. ఇంట్లో అసలు కొనుగోళ్ళు జరిగేది శ్రావణంలో. ఆ మాసం వచ్చేసరికి చేతిలో ఉన్నది చెల్లని కాగితం.

రెండోది: ‘మొత్తం విలువను ఒకే బిల్లులో వాడాలి. మిగిలిన సొమ్ము తిరిగి ఇవ్వబడదు.’ నచ్చిన చీర ధర రూ. 4,380 అయితే రూ. 620 దుకాణానికే మిగిలిపోతుంది. వదులుకోవడం ఇష్టంలేక రూ. 700 జాకెట్టు గుడ్డ ఒకటి తీసుకుంటే, చేతినుంచి మరో రూ. 80 పెట్టాలి. ఎటు చూసినా లాభం దుకాణానిదే.

మూడోది: ‘పోగొట్టుకున్నా, చిరిగినా మా బాధ్యత లేదు.’ నిజానికి ఆ వోచర్ మీద ఒక వరుస నంబరు ఉంటుంది. ఆ నంబరు వాడారో లేదో దుకాణం కంప్యూటర్లో తెలుస్తుంది. కొన్న బిల్లు చూపించినవారికి పాతదాన్ని రద్దుచేసి కొత్తది ఇవ్వడంలో వ్యాపారికి వచ్చే నష్టం లేదు.

నాలుగోది: ‘షరతులను ముందస్తు సమాచారం లేకుండా మార్చే హక్కు యాజమాన్యానికి ఉంది.’ డబ్బు చేతికొచ్చిన తర్వాత మాట మార్చుకునే హక్కు ఇది. ఈ నాలుగింటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే, ఎందుకంటే మిగతా మూడింటిని ఎంత మంచిగా రాసినా ఇది ఒక్కటి ఉంటే చాలు, అవి నిలవవు.

వీటిని అడ్డుకునే చట్టం అసలు లేదనలేం. 2020 జులై నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం, కొన్నవారినే కాక వారి అనుమతితో వాడుకునేవారిని కూడా వినియోగదారులుగానే గుర్తిస్తుంది. కాబట్టి ‘కొన్నది మీరు కాదుగా’ అని బహుమతి అందుకున్నవారిని తిప్పిపంపడం సరికాదు. వినియోగదారు మీద అన్యాయమైన భారం మోపే షరతులను ఆ చట్టం ‘అన్యాయమైన ఒప్పందం’ అంటుంది. జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా, కారణం చూపకుండా ఏకపక్షంగా ఒప్పందం రద్దు చేయడం దానికి ఉదాహరణలు. గడువు ఒక్కరోజు దాటినందుకు మొత్తం రూ. 5,000 లాక్కోవడం పొంతన లేని జరిమానా కాకపోతే మరేమిటి?

చిక్కు ఎక్కడుందంటే, అన్యాయమైన ఒప్పందం అన్న ఫిర్యాదును వినే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు. దానికి రాష్ట్ర కమిషన్ దాకా వెళ్ళాలి. ఆదిలాబాద్‌లోనో పాడేరులోనో ఉన్న మనిషి రూ. 5,000 వోచర్ కోసం రాష్ట్ర కమిషన్ మెట్లెక్కుతారా? సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అనే ఆరోపణలతో జిల్లా కమిషన్‌కు వెళ్ళే దారి ఉంది. రూ. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, తమ ఊరున్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. కానీ గడువు కనీసం ఇంత ఉండాలని ఎక్కడా రాసి లేకపోవడంతో ప్రతి కేసులోనూ వాదన మొదటినుంచి మొదలుపెట్టాలి. వ్యాపారులకు ఉన్న ధైర్యం అదే.

సరుకు ఇవ్వలేదు, డబ్బు మాత్రం తీసుకున్నారు

కొన్న కార్డులన్నీ వాడుకలోకి రావు. కొన్ని బీరువాలో మరుగున పడతాయి, కొన్ని ఈమెయిళ్ళ అడుగున ఉండిపోతాయి. ఇలా వాడకుండా మిగిలే సొమ్మును వ్యాపార లెక్కల్లో ‘బ్రేకేజ్’ అంటారు. ఎంత శాతం కార్డులు తిరిగి రావో అనుభవంతో అంచనా వేసి, ఆ మొత్తాన్ని ఆదాయంగా చూపుకునే వీలు లెక్కల ప్రమాణాల్లోనే ఉంది. గడువు ఎంత తక్కువైతే ఆ ఆదాయం అంత పెరుగుతుంది. గడువు తేదీ కేవలం కాగితం పనుల సౌకర్యం కోసం పెట్టిందేమీ కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక్కడ మన పన్నుల శాఖే ఒక బలమైన ఆధారం అందించింది. వోచర్ల మీద జీఎస్టీ పడుతుందా లేదా అని ఏళ్ళ తరబడి వివాదం నడిచింది. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ మండలి 55వ సమావేశం తర్వాత, అదే నెల 31న వెలువడిన సర్క్యులర్ దాన్ని తేల్చింది. వోచర్ లావాదేవీ దానికదే సరుకు సరఫరా కాదు, సేవ కాదు. వాడకుండా గడువు తీరిన వోచర్ల సొమ్ము మీద కూడా జీఎస్టీ లేదు, ఎందుకంటే అక్కడ సరఫరా ఏదీ జరగలేదు. వ్యాపారులకు ఇది ఊరట. కానీ ఈ తర్కాన్ని వినియోగదారు వైపు నుంచి కూడా చదవాలి. సరఫరా జరగలేదని ప్రభుత్వమే ఒప్పుకున్నాక, ఆ డబ్బు ఉంచుకోవడానికి దుకాణానికి ఉన్న హక్కేమిటి? పన్ను దగ్గర ‘మేమేమీ అమ్మలేదు’ అని, కొనుగోలుదారు దగ్గర ‘మీ డబ్బు చెల్లిపోయింది’ అని ఒకే దుకాణం రెండు మాటలు చెప్పడం కుదరదు.

సుప్రీంకోర్టు కూడా ఇలాంటి సందర్భంలో దారి చూపింది. 2020 లాక్‌డౌన్‌లో రద్దయిన విమాన టికెట్లకు కంపెనీలు డబ్బు బదులు ‘క్రెడిట్ షెల్’ ఇస్తామన్నాయి. 2020 అక్టోబరు 1న ఇచ్చిన తీర్పులో కోర్టు, ఇబ్బందుల్లో ఉన్న కంపెనీలకు ఆ వీలు కల్పిస్తూనే, ఆ క్రెడిట్‌ను ఇతరులకు బదిలీ చేసుకోవచ్చంది, నెలనెలా దాని విలువ పెంచమంది, 2021 మార్చి 31 నాటికి వాడకుండా మిగిలినదాన్ని డబ్బుగా తిరిగి ఇవ్వమంది. క్రెడిట్ కాలం తీరితే సొమ్ము కంపెనీకి మిగలదు, ప్రయాణికుడికి తిరిగి వెళ్తుంది. గిఫ్ట్ కార్డుకు ఈ న్యాయం ఎందుకు వర్తించకూడదు?

ఇతర దేశాలు గీసిన గీతలు

అమెరికాలో ఒకప్పుడు కార్డు వాడకపోతే నెలనెలా కోత వేసేవారు. ఏడాది తిరిగేసరికి చిన్న కార్డుల్లో ఏమీ మిగిలేది కాదు. 2009 మే నెలలో వచ్చిన క్రెడిట్ కార్డుల సంస్కరణ చట్టం, 2010 ఆగస్టు నుంచి దీనికి పగ్గం వేసింది. కార్డులోని సొమ్ము కనీసం 5 ఏళ్ళు చెల్లాలి. ఏడాదిపాటు అసలు వాడకపోతేనే రుసుము వేయాలి, అదీ నెలకు ఒక్కటే, ఆ సంగతి కార్డు మీద ముందే రాసి ఉండాలి. ఇది దేశమంతటికీ కనీస హద్దు. రాష్ట్రాలు ఇంకా ముందుకు వెళ్ళవచ్చు. కాలిఫోర్నియా వెళ్ళింది: అక్కడ దుకాణాలు అమ్మే గిఫ్ట్ కార్డులకు గడువే ఉండకూడదు. బ్యాలెన్స్ కొద్ది డాలర్లకు పడిపోతే నగదుగా ఇవ్వాలన్న నియమం అక్కడ చాలాకాలంగా ఉంది. బే ఏరియాలోని మన తెలుగు కుటుంబాల్లో ఈ హక్కు తెలియనివారు ఉంటే, కౌంటర్ దగ్గర అడిగితే చాలు.

కెనడాలోని ఒంటారియో 2007 అక్టోబరు నుంచే గిఫ్ట్ కార్డుల గడువును నిషేధించింది. ఆస్ట్రేలియా 2019 నవంబరు 1 నుంచి కనీసం 3 ఏళ్ళు అంది, కొన్న తర్వాత వేసే రుసుములను కూడా ఆపింది. ఐర్లండ్ 2019 డిసెంబరులో 5 ఏళ్ళు అంది, మొత్తాన్ని ఒకేసారి వాడాలన్న షరతు చెల్లదంది. మన వోచర్ వెనక ఉన్న రెండో షరతుకు అది సరైన జవాబు.

ఈ చట్టాలన్నిటిలో ఒక న్యాయమైన మినహాయింపు ఉంది. సరుకు కొంటే ఉచితంగా ఇచ్చే కూపన్లకు, ప్రచార కార్డులకు ఈ రక్షణ ఉండదు. ఎవరూ డబ్బు కట్టలేదు కాబట్టి వాటికి చిన్న గడువు పెట్టడంలో తప్పులేదు. కానీ రెండూ ఒకేలా కనిపిస్తే జనం మోసపోతారు. అందుకే అమెరికాలో ప్రచార కార్డు ముందువైపునే అది ప్రచారం కోసం ఇచ్చిందని, దాని గడువు ఫలానా అని రాసి ఉండాలి. మన దగ్గరా ఈ తేడా చెప్పే నియమం తప్పనిసరి.

దుకాణం మూతపడితే

గడువు ఎంత పొడవున్నా దుకాణమే లేకపోతే ప్రయోజనం లేదు. 2008 ఫిబ్రవరిలో అమెరికాలో షార్పర్ ఇమేజ్ అనే రిటైల్ కంపెనీ దివాలా పిటిషన్ వేసి, గిఫ్ట్ కార్డులు తీసుకోవడం ఆపేసింది. గొడవయ్యాక, కార్డు విలువకు రెట్టింపు ఖరీదు చేసే సరుకు కొంటేనే తీసుకుంటామంది. అంటే తన డబ్బు తాను వాడుకోవడానికి మనిషి మళ్ళీ డబ్బు పెట్టాలి.

దీనికి రెండు చోట్ల మంచి పరిష్కారాలు కనిపిస్తాయి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం గిఫ్ట్ సర్టిఫికెట్ సొమ్ము, దాన్ని అందుకున్నవారి తరఫున దుకాణం దగ్గర ట్రస్టుగా ఉన్న సొమ్ము. దివాలా పిటిషన్ వేసినా, అంతకుముందు ఇచ్చిన కార్డులను గౌరవించాలి. జపాన్ ఇంకో దారి పట్టింది. 2009 నాటి అక్కడి చట్టం ప్రకారం, ఏటా మార్చి 31న గానీ సెప్టెంబరు 30న గానీ వాడని సొమ్ము కోటి యెన్‌లు దాటితే, అందులో కనీసం సగం పూచీగా జమ కట్టాలి. దుకాణం సొంత కార్డుకూ ఈ నియమం వర్తిస్తుంది.

మన దేశంలో మొదటి రకం కార్డులకు ఎస్క్రో ఖాతా అండ ఉంది. రెండో రకానికి ఏమీ లేదు. కంపెనీ 2016 నాటి దివాలా చట్టం కిందికి వెళ్తే, వోచర్ ఉన్నవారు హామీ లేని రుణదాతలుగా బ్యాంకుల వెనక నిలబడాలి. వారి వంతు వచ్చేసరికి పంచడానికి ఏం మిగులుతుందో ఊహించడం కష్టం కాదు.

నంబరు చెబితే డబ్బు ఇచ్చినట్టే

గిఫ్ట్ కార్డు నంబరు, పిన్ తెలిసినవారు దాన్ని ఎక్కడినుంచైనా ఖర్చు పెట్టగలరు. ఒకసారి ఖర్చయ్యాక జాడ పట్టుకోవడం కష్టం. మోసగాళ్ళు దీన్ని ఎంచుకోవడానికి కారణం అదే. హైదరాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళకు కంపెనీ సీఈవో ఫొటోతో వాట్సాప్ సందేశం వస్తుంది: ‘మీటింగ్‌లో ఉన్నాను, క్లయింట్లకు ఇవ్వాలి, వెంటనే గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపు.’ అమెరికాలో అదే మోసం పన్నుల శాఖ పేరుతో, పోలీసుల పేరుతో జరుగుతుంది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 2023లో అందిన ఫిర్యాదుల ప్రకారం గిఫ్ట్ కార్డుల రూపంలో జనం పోగొట్టుకున్నది 21.7 కోట్ల డాలర్లు. కొట్లో వేలాడే కార్డుల నంబర్లను ముందే తీసి పెట్టుకుని, ఎవరైనా డబ్బు నింపగానే కాజేసే పద్ధతి కూడా అక్కడ ప్రబలింది. దాన్ని ఆపడానికి మేరీల్యాండ్ రాష్ట్రం 2024లో చట్టం చేసి, 2025 జూన్ నుంచి కార్డుకు భద్రమైన ప్యాకింగ్ ఉండాలంది, వాటిని అమ్మే కొట్ల సిబ్బందికి శిక్షణ ఇవ్వాలంది.

మన దగ్గర రిజర్వ్ బ్యాంకు 2019 జనవరిలో బ్యాంకేతర సంస్థల కార్డులు, వాలెట్ల విషయంలో బాధ్యతను విభజించింది. తప్పు సంస్థదీ కాక, వినియోగదారుదీ కాక, మధ్యలో మరెక్కడో జరిగితే, మూడు రోజుల్లో ఫిర్యాదు చేసినవారికి నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య చేస్తే లావాదేవీ విలువ, రూ. 10,000 ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకే నష్టం. కానీ నంబరు తామే చెప్పేసినవారికి ఈ కవచం ఉండదు. ప్రభుత్వ శాఖ ఏదీ, పోలీసు స్టేషన్ ఏదీ బాకీని గిఫ్ట్ కార్డులతో వసూలు చేయదు. ఈ ఒక్క వాక్యాన్ని ప్రతి ఇంట్లోని పెద్దవారికి చెప్పి ఉంచాలి. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు చేయగలిగింది, ఇక జరగవలసింది

చట్టం వచ్చేదాకా కొనేవారు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. కార్డుకు బిల్లు అడగాలి, ఆ బిల్లు ఫొటో కార్డుతోపాటు అందుకునేవారికి పంపాలి. జారీ చేసినది ఎవరో చూడాలి. గడువు దగ్గరపడితే పొడిగించమని రాతపూర్వకంగా అడగాలి. రిజర్వ్ బ్యాంకు నియంత్రణలో ఉన్న కార్డు అయితే గడువు తీరినా వదులుకోకూడదు. దుకాణం కార్డు విషయంలో ఇబ్బంది వస్తే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పాలి. కేసు వేయాలనుకుంటే రెండేళ్ళ లోపు ఆన్‌లైన్లోనే వేయవచ్చు.

కానీ ఇంత జాగ్రత్త పడవలసిన పని కొనేవారికి ఎందుకు ఉండాలి? పార్లమెంటులో కొత్త చట్టం చేయనక్కర్లేకుండానే దీన్ని సరిదిద్దవచ్చు. 2020లో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు, అనుచిత వ్యాపార పద్ధతులను ఆపడానికి మార్గదర్శకాలు ఇచ్చే అధికారం చట్టంలోనే ఉంది. 2022 జులైలో హోటళ్ళ సర్వీస్ చార్జీ మీద అది మార్గదర్శకాలు ఇచ్చింది. హోటల్ యజమానులు కోర్టుకు వెళ్ళారు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. గిఫ్ట్ కార్డుల మీద అలాంటి పత్రం ఒకటి వస్తే చాలు.

అందులో ఏముండాలో ఈ పాటికి స్పష్టమే. డబ్బు కట్టి కొన్న ప్రతి కార్డుకూ, అది బ్యాంకుదైనా బట్టల కొట్టుదైనా, కనీసం 5 ఏళ్ళ గడువు ఉండాలి. ఎన్ని విడతల్లోనైనా వాడుకునే వీలుండాలి. చిన్న మిగులు అడిగితే నగదుగా ఇవ్వాలి. బిల్లు చూపితే పోయిన కార్డు బదులు కొత్తది ఇవ్వాలి. కొన్న తర్వాత షరతులు మార్చకూడదు. ఒక హద్దు దాటి కార్డులు అమ్మే కంపెనీ ఆ సొమ్మును విడిగా ఉంచాలి. ఉచిత కూపన్ మీద అది ఉచితమని రాయాలి.

ఇందులో ఏ ఒక్కటీ కొత్త ఊహ కాదు. ప్రతిదీ ఎక్కడో ఒకచోట అమల్లో ఉంది, కొన్ని మన రిజర్వ్ బ్యాంకు ఆదేశాల్లోనే ఉన్నాయి. వీటన్నిటికీ ఆధారం ఒకే సూత్రం: సరుకు ఇచ్చేదాకా ఆ డబ్బు దుకాణానిది కాదు, కార్డు ఉన్నవారిది. రెండు తెలుగు రాష్ట్రాల్లోని వినియోగదారుల సంఘాలు ఈ ఒక్క సూత్రాన్ని పట్టుకుని, ఊరూరా సేకరించిన వోచర్ల షరతులను జతచేసి, ప్రాధికార సంస్థకు పంపాలి. అన్యాయం ఆ కాగితాల వెనకవైపు దుకాణాలే అచ్చువేసి ఇస్తున్నాయి. దాన్ని చదివి చర్య తీసుకోవలసిన బాధ్యత ప్రాధికార సంస్థది.